ముప్పావు గంట ఎగిరిన విమానానికి రంగులు

1945 ఆగస్టు 3న జపాన్‌లో ఫుకువోకా దగ్గరున్న ముషిరోదా మైదానం మీంచి ఓ వింత విమానం లేచింది. పెద్ద రెక్కలు వెనక, చిన్న రెక్కలు ముక్కు దగ్గర, ఇంజన్ పైలట్ వీపు వెనక, ప్రొపెల్లర్ అన్నిటికన్నా చివర. మొదటిసారి చూసినవాళ్లకి ఇది వెనక్కి ఎగురుతోందా అని అనుమానం రాక మానదు. పేరు క్యూషూ జె7డబ్ల్యూ1 షిన్‌దెన్. అమెరికా బి-29 బాంబర్లను పడగొట్టడానికి జపాన్ నౌకాదళం తయారుచేయించుకుంది. ముక్కులో 30 మిల్లీమీటర్ల ఫిరంగులు నాలుగు పెట్టాలని ప్లాన్. ఆగస్టు 3, 6, 8 తేదీల్లో ఎగిరింది. మూడూ కలిపితే ముప్పావు గంట. ఆ మూడుసార్లూ చక్రాలు లోపలికి ముడవనేలేదు. మరో వారానికి యుద్ధమే అయిపోయింది.

షిన్‌దెన్‌వి పాత ఫొటోలు కొన్నే ఉన్నాయి, అవీ నలుపు తెలుపులో. రంగుల బొమ్మలు మాత్రం కోకొల్లలు. చక్రాలు ముడుచుకుని, తోక మీద దళం నంబరుతో, కాక్‌పిట్ కింద కూల్చిన బి-29ల లెక్కతో సహా కనిపిస్తాయి. విమానాన్ని సరిగ్గా పక్కనుంచి చూసినట్టు గీసే ఈ బొమ్మల్ని ప్రొఫైళ్లు అంటారు. విమానాల పుస్తకాల్లోనూ ప్లాస్టిక్ మోడల్ కిట్ల డబ్బాల్లోనూ దశాబ్దాలుగా వస్తున్న సంప్రదాయం ఇది. ఒకప్పుడు ఎయిర్‌బ్రష్‌తో కాగితం మీద వేసేవాళ్లు, ఇప్పుడు కంప్యూటర్లో లేయర్ల మీద లేయర్లు పేర్చి వేస్తున్నారు. పనిముట్లు మారాక నునుపు పెరిగింది, మెరుపు పెరిగింది. తెలిసినదానికీ ఊహించినదానికీ మధ్య గీత మాత్రం అదే నునుపులో కలిసిపోయింది. అందుకే ఈ కళ వెనకున్న జామెట్రీ, కాంతిశాస్త్రం ఒకసారి విప్పి చూడాలి.

జపాన్ విమానాల విషయంలో ఆధారాలు మరీ పలచన. 1944 డిసెంబరు 7న వచ్చిన పెద్ద భూకంపం నగోయా చుట్టుపక్కల విమాన కర్మాగారాల్ని దెబ్బతీసింది. మిగిలినవాటి సంగతి బి-29లు చూసుకున్నాయి. 1945 ఆగస్టు మధ్యలో, లొంగుబాటు ప్రకటనకు అటూ ఇటూ, సైనిక కార్యాలయాల్లో కాగితాలు కుప్పలు పోసి తగలబెట్టారు. మంచూరియాలో తయారవుతున్న కి-98 అనే రెండు తోకల ఫైటర్‌ను, సోవియట్ సేనల చేతికి చిక్కకూడదని పూర్తికాకముందే ధ్వంసం చేశారు. రాకెట్‌తో ఎగిరే షూసుయ్ కొంత అదృష్టవంతురాలు. ఒకటి కాలిఫోర్నియాలోని చినో మ్యూజియంలో ఉంది, భూమిలోంచి తవ్వితీసిన ఇంకోదాన్ని జపాన్‌లో బాగుచేసి పెట్టారు. షిన్‌దెన్ తొలి నమూనాను అమెరికావాళ్లు ఓడెక్కించి తీసుకుపోయారు. వర్జీనియాలోని చాంటిలీలో, స్మిత్‌సోనియన్‌వారి ఉద్వార్-హేజీ కేంద్రంలో దాని ముందుభాగం ఇప్పుడు ప్రదర్శనలో ఉంది.

కాబట్టి బొమ్మ వేసేవాడి పని డిటెక్టివ్ పనిలా మొదలవుతుంది. మొదటి చిక్కు ఆకారంతోనే. ప్రొఫైల్‌లో దూరం, దగ్గర అనే తేడా ఉండకూడదు. విమానంలో ప్రతి బిందువునూ సమాంతర గీతల వెంట తీసుకొచ్చి ఒక తెర మీద అంటించినట్టు ఉండాలి. కెమెరా అలా చూడదు. దానికి దగ్గరున్నది పెద్దది, దూరమున్నది చిన్నది. విమానం నడుమునుంచి పది మీటర్ల దూరాన కెమెరా పెట్టామనుకోండి. నడుముకన్నా అయిదు మీటర్లు ఇవతల ఉన్న వస్తువు ఫొటోలో రెట్టింపు సైజులో పడుతుంది. షిన్‌దెన్ రెక్క ఒక్కోవైపు అయిదున్నర మీటర్లు బయటికి వస్తుంది. దాని నిలువు తోకలు ఒంటి చివర కాకుండా ఈ రెక్కల మీద నిలబడి ఉంటాయి, అంటే ఒంటికన్నా కెమెరాకు దగ్గర. పక్కనుంచి తీసిన ఫొటోను కింద పెట్టుకుని గీత మీద గీత గీసేస్తే తోక ఉండవలసినదానికన్నా పెద్దదవుతుంది. చాలా బొమ్మల్లో షిన్‌దెన్ తోక అంత గంభీరంగా కనిపించడానికి ఈ పొరపాటే కారణం కావచ్చని నా అనుమానం.

దీనికి మందు తెలిసిన కొలతలే. పొడవు 9.66 మీటర్లు, ప్రొపెల్లర్ వ్యాసం 3.4 మీటర్లు. ఈ రెండూ పట్టుకుని, కెమెరా ఎంత దూరంలో ఉండి ఉండాలో వెనక్కి లెక్కగట్టి, ఒక్కో భాగాన్నీ దాని లోతును బట్టి కుదించుకుంటూ పోవాలి. ప్రొపెల్లర్ దగ్గర ఇంకో తిరకాసు ఉంది. షిన్‌దెన్‌ది ఆరు రెక్కల ప్రొపెల్లర్. ఒక రెక్క నిటారుగా ఉన్న క్షణాన్ని బొమ్మగా వేస్తే, దాని కొస ఇరుసుకు 1.7 మీటర్ల పైన ఉండాలి. పక్క రెక్కలు అరవై డిగ్రీలు వాలి ఉంటాయి గనక పక్కనుంచి చూస్తే వాటి ఎత్తు సరిగ్గా సగం, 0.85 మీటర్లు. అరవై డిగ్రీల కొసైను సగం అని ఇంటర్ కుర్రాడికీ తెలుసు. అయినా ఎన్నో బొమ్మల్లో ఆ రెక్కలు చిత్రకారుడి చేతికొచ్చినంత పొడుగుంటాయి.

కొలతలు కుదిరాక గీత. డిజిటల్ బొమ్మల్లో ఒంటి ఆకారాన్ని ఎక్కువగా బెజియే వక్రాలతో గీస్తారు. రెండు చివర్లలో రెండు బిందువులు, వంపును ఇటూ అటూ లాగడానికి రెండు పిడులు, అంతే సరంజామా. రెనో కంపెనీలో పియర్ బెజియే, సిత్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో కారు బాడీల వంపుల్ని లెక్కల్లోకి తేవడానికి ఎవరికి వారు కనిపెట్టిన పద్ధతి. చాలామంది కొత్తవాళ్లు ముక్కునుంచి తోకదాకా ముప్ఫై నలభై బిందువులు పొడుస్తారు, గీత గతుకుల రోడ్డవుతుంది. అసలు విమానాన్ని రేకుతో చేశారు, రేకు ఒక్క ఊపున వంగుతుంది. అయిదారు బిందువులతో లాగిన గీతే నిజానికి దగ్గరగా ఉంటుంది.

షిన్‌దెన్ బొమ్మ చూస్తే నేను ముందు వెతికేది తోకల అడుగున ఉండే చిన్న చక్రాల్ని. ఎగరడానికి చేసిన తొలి ప్రయత్నంలో ముక్కు అతిగా లేచి ప్రొపెల్లర్ కొసలు నేలకు తగిలి వంగిపోయాయి. అది మళ్లీ జరక్కుండా రెండు నిలువు తోకల కిందా బుల్లి చక్రాలు తగిలించారు. కాబట్టి చక్రాలు లేని బొమ్మ ఆ ప్రమాదానికి ముందరిది, ఉన్నది తర్వాతది. చక్రాలు లేకుండా ఆకాశంలో ఎగురుతున్న షిన్‌దెన్ ఏ తేదీకీ చెందదు. బొమ్మ ఎంత అందంగా ఉన్నా ఇంత చిన్న భాగం దగ్గర దాని చరిత్రజ్ఞానం బయటపడిపోతుంది.

ఇక వివరాల మోజు. పెద్ద బొమ్మ అంటే వెడల్పు 4,000 పిక్సెళ్లు అనుకుందాం. షిన్‌దెన్ 9.66 మీటర్లు ఆ వెడల్పంతా నిండితే ఒక్కో పిక్సెల్ 2.4 మిల్లీమీటర్లు. రివెట్ తల మహా అయితే రెండు మూడు పిక్సెళ్లు. రేకుకీ రేకుకీ మధ్య సందు ఒక మిల్లీమీటరు ఉంటే అది పిక్సెల్‌లో సగం కూడా కాదు. అంటే మనం ముచ్చటపడే నల్లటి సన్న గీతలు, నిజంగా అంత దూరంనుంచి చూస్తే కంటికి ఆనేవి కావు. చిత్రకారుడు వాటిని పెంచి గీస్తాడు. అందులో తప్పులేదు, మ్యాపులో రోడ్లనూ అలాగే లావుగా గీస్తారు. కానీ ఎంత పెంచుతున్నాడో తనకు తెలిసి ఉండాలి.

అసలు గొడవ రంగుల దగ్గర. నలుపు తెలుపు ఫొటోలో ముదురు బూడిద మచ్చ కనిపిస్తుంది. అది ఆకుపచ్చా, ఎరుపా, గోధుమా? జవాబు ఫిల్మ్ మీద ఆధారపడి ఉంటుంది. ఆ రోజుల్లో విరివిగా వాడిన ఆర్థోక్రొమాటిక్ ఫిల్మ్‌కు నీలం, ఆకుపచ్చ వెలుగులు తెలుసుగానీ ఎరుపు తెలీదు. అందుకే దాన్ని డార్క్‌రూమ్‌లో ఎర్ర లైటు కింద నిర్భయంగా కడిగేవాళ్లు. ఎర్ర వెలుగు ఫిల్మ్ మీద ముద్ర వెయ్యదు కాబట్టి ఎర్రటి వస్తువు ప్రింట్‌లో దాదాపు నల్లగా వస్తుంది. జపాన్ విమానాల మీద ఉండే ఎర్రటి సూర్యబింబం, హినోమారు, ఆ ఫిల్మ్‌లో చుట్టూ ఉన్న ముదురాకుపచ్చకన్నా నల్లగా కనిపిస్తుంది. పాంక్రొమాటిక్ ఫిల్మ్ ఎరుపును కూడా చూస్తుంది. దానిలో అదే బింబం బూడిదరంగుకు తేలుతుంది.

ఇక్కడే తాళంచెవి దొరుకుతుంది. బింబం ఎరుపని మనకు ముందే తెలుసు. అది ఎంత నల్లగా పడిందో చూస్తే ఫిల్మ్ ఏ రకమో ఊహించవచ్చు. ఫిల్మ్ తెలిస్తే మిగతా మచ్చల్ని చదవడం మొదలుపెట్టవచ్చు. ప్రొపెల్లర్ కొసల దగ్గర హెచ్చరికగా వేసే పసుపు పట్టీ ఆర్థో ఫిల్మ్‌లో మసకబారి, వెనకున్న గోధుమరంగులో సగం కలిసిపోతుంది. ఫొటోలో లేదుకదా అని దాన్ని వదిలేసిన బొమ్మలు ఉంటాయి. ఫొటోలో లేకపోవడం, విమానం మీద లేకపోవడం ఒకటి కాదు.

జపాన్ నౌకాదళానికి కరికి 117 అనే రంగుల ప్రమాణపత్రం ఉండేది. ముదురాకుపచ్చలకు డి1, డి2, ఒక బూడిదరంగుకు జె3 అంటూ అక్షరం, అంకె కలిపిన గుర్తులు అందులో ఉంటాయి. బతికిన రంగు ముక్కల్ని, మ్యూజియంలోని రేకుల్ని పరిశోధకులు మన్సెల్ పద్ధతిలో కొలిచి, ఛాయ, వెలుగు, గాఢత అని మూడు అంకెల్లో చెబుతారు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ డి1 ఏ రోజు డి1? ఎండకు నిలిపిన విమానం మీద అతినీలలోహిత కిరణాలు రంగును పట్టి ఉంచే జిగురును తినేస్తాయి. పైన వర్ణకపు రేణువులు పొడిగా మిగిలిపోతాయి. సున్నం కొట్టిన పాత గోడకు ఆనుకుంటే చొక్కాకు అంటుకునే తెల్లటి పొడి ఉంటుందే, అదే పరిస్థితి. ఆ పొడి అన్ని రంగుల వెలుగునూ చెదరగొడుతుంది గనక రంగు పాలిపోతుంది. షిన్‌దెన్‌కు ఆ యోగం పట్టలేదు. దాని రంగు ఎండకు మాగేటంత కాలం అది బతకలేదు. ఎండి, పెచ్చులూడి, యుద్ధం అలసట అంతా ఒంటి మీద మోస్తున్నట్టు దాన్ని చిత్రించేవాళ్లు పాతబడటాన్ని ఒక అలంకారంగా వాడుతున్నారు, అంతే.

రంగుల్లో నాకు మరీ ఇష్టమైనది అవొతాకే. జపాన్ విమానాల లోపలి భాగాల్లో తుప్పు పట్టకుండా వేసిన పారదర్శకమైన పూత ఇది. పచ్చి వెదురులా ఒకచోట ఆకుపచ్చగా, ఒకచోట నీలంగా మెరుస్తుంది. మామూలు పెయింట్ వెలుగును పైపొరలోనే తిప్పికొడుతుంది. అవొతాకేలో వెలుగు పూతలోంచి దూరి, కిందున్న అల్యూమినియానికి తగిలి, మళ్లీ పూతలోంచే బయటికి వస్తుంది. పూత ఎంత మందమైతే రంగు అంత గాఢం. ఒక పూత ఎర్ర వెలుగులో సగం మింగేస్తుందనుకోండి. దాని మీద ఇంకో పూత వేస్తే మిగిలిన సగంలో మళ్లీ సగం పోయి పావు మాత్రమే బయటపడుతుంది. ఒకే విమానంలో రెండు మూలలు రెండు రంగుల్లో కనిపించడానికి పూతల మందంలో తేడా ఒక కారణం. ఏది అసలు అవొతాకే అని కొట్లాడుకునేవాళ్లు ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు.

బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్‌లో మల్టిప్లై అనే లేయర్ రకం ఉంది. పై పొరలోని విలువను కింది పొరలోని విలువతో గుణిస్తుంది. సగం ఇంటూ సగం పావు. అంటే వెదురు పూతలో వెలుగు చేసే పనినే ఇది లెక్కల్లో చేస్తుంది. అడుగున లోహపు మెరుపుతో ఒక లేయర్, పైన మల్టిప్లైలో నీలాకుపచ్చ పొర, మందంగా కావలసినచోట అదే పొర రెండోసారి. చక్రాల గూడు లోపల ఇలా వేసిన రంగుకూ, డబ్బాలోంచి ఒకే ఆకుపచ్చ తీసి నింపిన రంగుకూ తేడా ఎవరికైనా తెలుస్తుంది.

ఇదే సాఫ్ట్‌వేర్ మరోచోట మోసం చేస్తుంది. తెర మీద వెలుగు 0 నుంచి 255 దాకా అంకెల్లో ఉంటుంది. 128 అంటే సగం వెలుగనుకుంటాం, కాదు. మన కళ్లు చీకటిఛాయల్లో తేడాల్ని బాగా పట్టుకుంటాయి కాబట్టి అంకెల్ని అటువైపు ఎక్కువగా కేటాయించారు. మామూలు కంప్యూటర్ తెర మీద 128 అసలు వెలుగులో అయిదో వంతుకు కాస్త ఎక్కువ. గుణకారం ఈ వంకరను దాదాపు తట్టుకుంటుంది, సగటు తట్టుకోలేదు. తెల్ల పొడి పట్టిన రంగు చూపించడానికి సగం పారదర్శకంగా తెలుపు పూస్తే సాఫ్ట్‌వేర్ అంకెల సగటు తీస్తుంది, వెలుగు సగటు కాదు. ఫలితం ఉండవలసినదానికన్నా ముదురుగా వస్తుంది. సర్దుబాటు పెట్టెల్లో దీన్ని మార్చుకునే వీలు కొన్ని సాఫ్ట్‌వేర్‌లలో ఉంది. అనుభవజ్ఞులు మాత్రం కంటిచూపుతోనే సరిచేసుకుంటారు.

రంగు తర్వాత గుర్తులు. 1942 ఏప్రిల్ 6న మన విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసినవి ర్యూజో అనే విమానవాహక నౌకనుంచి వచ్చిన విమానాలు. ఆ ఓడమీది నకాజిమా బి5ఎన్‌ను గీయాలంటే తోక మీద ఓడ గుర్తు ఏమిటి, ఆ నెలలో ఏ నంబర్లు ఉన్నాయి అని వెతకాలి. దొరుకుతుందో లేదో గానీ వెతకడానికి అర్థం ఉంది, ఎందుకంటే ఆ విమానం ఒక దళంలో ఉంది. షిన్‌దెన్ ఏ దళంలోనూ చేరలేదు. దాని తోక మీద దళం అక్షరాలు వేయడమంటే కట్టని ఇంటికి డోర్ నంబరు రాయడమే.

అసలు కాగితం దాటని విమానాలు ఇంకో లోకం. నకాజిమా కంపెనీ తలపెట్టిన ఫుగాకు అనే బాంబరు అమెరికా గడ్డ దాకా వెళ్లి రావాలన్నది దాని అధిపతి చికుహెయి నకాజిమా కల. ఆరు ఇంజన్లు, ఒక్కోటి 5,000 అశ్వశక్తి, రెక్కల వెడల్పు సుమారు 63 మీటర్లు. అంత శక్తిగల ఇంజన్ ఎన్నడూ సిద్ధం కాలేదు, 1944లో పథకమే ఆగిపోయింది. పొడవు నలభై మీటర్ల దగ్గర అనుకుని ఇందాకటి లెక్క మళ్లీ వేయండి. 4,000 పిక్సెళ్ల బొమ్మలో ఒక్క పిక్సెల్ పది మిల్లీమీటర్లు. రివెట్ దానిలో ఓ మూల దాక్కుంటుంది. అయినా ఫుగాకు బొమ్మల్లో రివెట్లు వరసలు వరసలుగా తీరి ఉంటాయి. ఎవరూ కొట్టని రివెట్లు, కంటికి ఆనని సైజులో. నవ్వొచ్చినా వాటిని చూస్తూ కూర్చోవడం నాకు ఇష్టమే, అది వేరే సంగతి.

ఊహ ఎంత దూరం ప్రయాణిస్తుందో యుద్ధకాలంలోనే ఒక నిదర్శనం ఉంది. 1941లో సొరా అనే జపాన్ పత్రిక రేపటి డిజైనర్ల కలలంటూ కొన్ని విమానాల బొమ్మలు వేసింది. అవి కలలేనని పత్రికే చెప్పింది. తర్వాత ఆ బొమ్మలు మిత్రరాజ్యాల గూఢచారి విభాగాల దాకా చేరాయి. అక్కడ ఫ్రాంక్ మెకాయ్ అనే అమెరికన్ అధికారి బృందం జపాన్ ఫైటర్లకు మగపేర్లు, బాంబర్లకు ఆడపేర్లు పెడుతూ ఉండేది. లేని విమానాలకూ పేర్లు వచ్చేశాయి. నకాజిమా ఏటి-27 అనే కల గస్ అయింది, సుజుకజే-20 అనే కల ఒమర్ అయింది. ఆకాశంలో గస్ కోసం చూసిన గన్నర్లు ఎవరైనా ఉంటే, వాళ్లు ఒక చిత్రకారుడి టేబుల్ మీద పుట్టినదానికోసం చూసినట్టే. వాళ్లను తప్పు పట్టలేం. బొమ్మ పక్క కొలతలుంటే ఎవరైనా నమ్ముతారు.

ఇప్పటి మంచి చిత్రకారులు దీనికి ఒక ఏర్పాటు చేసుకుంటున్నారు. ఆధారం ఉన్న భాగాన్ని ఒక లేయర్‌లో, పోల్చి ఊహించినదాన్ని మరోదాంట్లో, పూర్తిగా సొంతదాన్ని ఇంకోదాంట్లో ఉంచుతారు. ఫొటో ఒకటి కొత్తగా బయటపడితే ఏ లేయర్ చింపాలో తెలుస్తుంది. కొందరు బొమ్మ కింద ఏది ఎక్కడనుంచి వచ్చిందో రెండు ముక్కలు రాస్తారు. చూసేవాడికి ఆ రెండు ముక్కలు నచ్చవు, రివెట్లే నచ్చుతాయి. అయినా రాయాలన్నదే నా పట్టు.

ఎందుకంటే కొత్త సొరా పత్రికలు పుడుతూనే ఉన్నాయి. 2023లో వచ్చిన గాడ్జిల్లా మైనస్ వన్ సినిమాలో ఆఖరి పోరాటం షిన్‌దెన్‌దే. ఆ సినిమా కోసం నిలువెత్తు నమూనా ఒకటి చేశారు. అది 2022లోనే ఫుకువోకా జిల్లా చికుజెన్ పట్టణంలోని తాచియారాయ్ శాంతి స్మారక మ్యూజియంలో ప్రదర్శనకు చేరింది, సినిమాకోసం చేసిందన్న సంగతి తర్వాత బయటికొచ్చింది. చక్కటి నమూనా. దాని రంగుల ఫొటోలు ఇప్పుడు ఏ మూలనుంచి కావాలంటే ఆ మూలనుంచి దొరుకుతాయి, చాంటిలీలోని అసలు ముక్కకన్నా సులభంగా. ఆకుపచ్చ ఎంత ముదురో చూద్దామని డ్రాపర్ పనిముట్టుతో ఒక పిక్సెల్ మీద నొక్కేవాడికి దొరికేది సినిమా కళాదర్శకుల బృందం ఎంచుకున్న ఆకుపచ్చ. అది 1945లో క్యూషూ కర్మాగారంలో కలిపిన ఆకుపచ్చ అవునో కాదో ఆ పిక్సెల్ చెప్పలేదు. మరో పదేళ్లకు వచ్చే ప్రొఫైళ్లలో ఆ రంగే కనిపిస్తే, ముందుగా అడగాల్సిన ప్రశ్న ఇది చాంటిలీ షిన్‌దెనా, తాచియారాయ్ షిన్‌దెనా అని.